జీపు జీర్ణోద్ధరణ: మూలరూపమంటే ఏది?

ఇంటి ముంగిట దుమ్ము కొట్టుకొని నిలిచిన పాత జీపును మళ్ళీ నడిపించాలని పూనుకున్న వ్యక్తి మొట్టమొదట చేయవలసిన పని స్పానరు చేతబట్టడం కాదు. పక్క రేకు మీద ఎవరి కంటా పడని మూలన, రూపాయి బిళ్ళంత మేర, పదునైన బ్లేడుతో రంగును పొరపొరగా గీకి చూడడం. పైన చివరి యజమాని వేయించిన మెరుపు రంగు ఉంటుంది. దాని కింద ఏదో ప్రభుత్వ శాఖ వేయించిన తెలుపో, బూడిద రంగో తేలుతుంది. ఇంకా లోపలికి పోతే పుట్టీ, రెడాక్సైడు పూత, అదృష్టం బాగుంటే అన్నిటికన్నా అడుగున సైనిక వాహనాలకు వేసే ఆలివ్ ఆకుపచ్చ కనిపిస్తాయి. ఒక్కొక్క పొర ఒక్కొక్క యజమాని ఏలుబడి. శాసన పరిశోధకుడు రాతి మీది సున్నాన్ని తొలగించి అక్షరాన్ని వెదికినట్లే, ఈ పనిలోనూ మొదటి మెట్టు చదవడమే.

అయితే ఆ పొరలలో ఏది వాహనానికి అసలు రంగు అన్న ప్రశ్న ఇప్పుడు కేవలం అభిరుచికి సంబంధించినది కాదు. 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ 50 సంవత్సరాలు పైబడిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తించే నియమాలను ప్రకటించింది. వాహనం తన మూలరూపంలో ఉండాలనీ, ఛాసిస్‌లోగాని, బాడీలోగాని, ఇంజనులోగాని గణనీయమైన మార్పు జరిగి ఉండరాదనీ అందులో షరతు విధించింది. ఇలాంటి వాహనానికి కొత్తగా రిజిస్ట్రేషన్ పొందగోరితే 20,000 రూపాయల రుసుముతో, నంబరులో 'వీఏ' అన్న అక్షరాలతో పదేళ్ళకు అనుమతి ఇస్తారు. పాత రిజిస్ట్రేషన్ ఉన్నవి తమ పాత నంబరును నిలుపుకోవచ్చు. పాత వాహనాలను తుక్కు కింద లెక్కగట్టకుండా వారసత్వంగా గుర్తించడం హర్షించదగిన విషయమే. కాని మూలరూపం అన్న మాట కాగితం మీద ఎంత తేటగా ఉన్నదో, జీపు దగ్గరికి వచ్చేసరికి అంత చిక్కుముడిగా మారుతుంది. ఎందుకంటే ఈ వాహనం పుట్టుకతోనే పలువురి చేతి పని. మన దేశంలో అది బతికి బట్టకట్టింది కూడా రూపం మార్చుకోవడం వల్లనే.

1940 వేసవిలో ఐరోపాలో జర్మన్ సేనల వేగాన్ని చూసి మేల్కొన్న అమెరికా సైన్యం, తేలికగా ఉండి నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే చిన్న వాహనం కావాలని 135 సంస్థలకు ఆహ్వానం పంపింది. ముందుకు వచ్చినవి రెండే: పెన్సిల్వేనియా రాష్ట్రంలోని అమెరికన్ బాంటమ్, ఒహాయో రాష్ట్రంలోని విల్లీస్-ఓవర్‌ల్యాండ్. ఆర్థికంగా చితికిపోయి ఉన్న బాంటమ్ సంస్థ కోసం కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఇంజనీరు డ్రాయింగులు గీశారు. 49 రోజుల గడువులోనే, ఆ ఏడాది సెప్టెంబరు 23న, నమూనా వాహనం మేరీల్యాండ్‌లోని హోలాబర్డ్ సైనిక కేంద్రానికి చేరింది. బండిని సైన్యం మెచ్చింది గాని, అంత చిన్న సంస్థ వేల సంఖ్యలో తయారు చేయగలదన్న నమ్మకం దానికి కుదరలేదు. బాంటమ్ నమూనాను పరిశీలించే అవకాశం విల్లీస్‌కు, తరువాత రంగంలోకి వచ్చిన ఫోర్డ్‌కు కల్పించింది. 1941లో పెద్ద కాంట్రాక్టు విల్లీస్‌కు దక్కడానికి ముఖ్య కారణం దాని ఇంజను. డెల్మార్ రూస్ మెరుగుదిద్దిన ఆ 134 ఘనపు అంగుళాల సైడ్ వాల్వు యంత్రం 60 అశ్వశక్తిని ఇచ్చేది. ఇక ముందరి జాలీని విల్లీస్ తొలుత ఇనుప కమ్మీలను వెల్డింగు చేసి అమర్చింది. ఫోర్డ్ దానికి బదులు ఒకే రేకును ప్రెస్సులో ఒత్తించి, తొమ్మిది నిలువు చీలికలతో చవకగా తయారు చేసింది. విల్లీస్ కూడా దానినే స్వీకరించింది. అనగా ఊహ బాంటమ్‌ది, గుండె విల్లీస్‌ది, ముఖం ఫోర్డ్‌ది. యుద్ధం ముగిసేనాటికి ఈ రెండు పెద్ద సంస్థల నుండి 6 లక్షలకు పైగా జీపులు వెలువడ్డాయి. కీర్తి విల్లీస్‌కు, ఫోర్డ్‌కు దక్కగా, తొలి రూపశిల్పిని లోకం దాదాపు మరచింది.

భారతదేశపు తూర్పు సరిహద్దులకు జీపు యుద్ధంతోపాటు వచ్చింది. 1944లో కోహిమా, ఇంఫాల్ పోరాటాల నాటికి కొండదారుల్లో బియ్యం బస్తాలు, తూటాలు, క్షతగాత్రులు దాని వెనుకభాగంలోనే ప్రయాణించారు. అస్సాంలోని లీడో నుండి చైనాకు వేసిన దారిలో తొలి వాహనశ్రేణి 1945 జనవరి 12న బయలుదేరి ఫిబ్రవరి 4న కున్మింగ్ చేరింది. యుద్ధం ముగిశాక ఇక్కడ మిగిలిపోయిన వాహనాలు, విడిభాగాలు, టైర్లు వేలానికి వచ్చాయి. 'డిస్పోజల్స్' అన్న ఇంగ్లీషు మాట భారతీయ భాషలలో ఒక రకం సరుకుకు పేరుగా స్థిరపడింది ఈ వేలాల వల్లనే. పశ్చిమ బెంగాల్‌లోని పానాగఢ్, పంజాబు-హర్యానా సరిహద్దులోని మండీ డబ్వాలీ వంటి ఊళ్ళు సైన్యం వదిలిన వాహనాలతోనే పేరు గడించాయి. డబ్వాలీ పనివారు మూడు నాలుగు శిథిలాల నుండి ఒక నడిచే జీపును కూర్చగలరని ప్రతీతి. అలా తయారైన జీపుకు పుట్టిన సంవత్సరం ఏదని అడిగితే ఏ చరిత్రకారుడూ ఒక్క అంకెతో జవాబు చెప్పలేడు.

స్వతంత్ర భారత ప్రభుత్వం సైతం తొలినాళ్ళలోనే పునరుద్ధరించిన జీపుల విషయంలో చేయి కాల్చుకున్నది. 1948లో కాశ్మీర్ యుద్ధ అవసరాల కోసం లండన్‌లోని భారత హైకమిషన్, బాగుచేసిన పాత జీపుల కొనుగోలుకు ఒక సంస్థతో ఒప్పందం చేసుకుంది. చేరినవి 155 మాత్రమే. అవి కూడా సైన్యానికి పనికి రానివని తేలింది. పార్లమెంటులో పెద్ద దుమారం చెలరేగింది. 1955లో ప్రభుత్వం ఆ వ్యవహారాన్ని ముగిసినట్లుగా ప్రకటించింది. రాజకీయ చరిత్రలో దీనిని జీపుల కుంభకోణంగా చెప్పుకుంటారు. వాహన చరిత్ర దృష్టితో చూస్తే ఇందులో మరో పాఠం ఇమిడి ఉంది. రంగు పూసి నిలబెట్టిన బండికీ, బాగుపడిన బండికీ మధ్య దూరం ఎంతో, బానెట్ ఎత్తిన తరువాతనే తెలుస్తుంది.

ఇదే కాలంలో జీపు భారతీయ కర్మాగారంలోకి అడుగుపెట్టింది. 1945లో లూధియానాలో మహీంద్రా అండ్ మహమ్మద్ అన్న పేరుతో ఉక్కు వ్యాపార సంస్థ ఒకటి ఏర్పడింది. దేశ విభజన తరువాత భాగస్వాములలో ఒకరైన మాలిక్ గులాం మహమ్మద్ పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రి అయ్యారు. సంస్థ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకుంది. విల్లీస్ జీపుల భాగాలను ఓడలలో తెప్పించి బొంబాయిలోని మజగావ్‌లో కూర్చడంతో మొదలైన పని, 1950లలో దశలవారీగా స్వదేశీ తయారీ వైపు సాగింది. అమెరికాలో విల్లీస్ 1953లో ప్రవేశపెట్టిన ఎత్తు బానెట్ సీజే-3బీ నమూనా అక్కడ 1968లో ఆగిపోయినా, మన దేశంలో చాలాకాలం కొనసాగింది. పుట్టింట లేని రూపం మెట్టినింట నిలిచింది.

తెలుగు పల్లెలకు జీపు ప్రభుత్వపు ముఖంగా పరిచయమైంది. 1952 అక్టోబరు 2న సామాజిక వికాస పథకం ఆరంభమైన తరువాత బ్లాకు డెవలప్‌మెంటు అధికారి, ఆయన జీపు వేరు కాని మాటలయ్యాయి. వానాకాలంలో బండ్లబాట మీద బస్సు రాని ఊరికి జీపు వచ్చేది. దాని చప్పుడు విని కొందరు వినతిపత్రాలతో ఎదురు వెళితే, కొందరు బకాయిలు తలచుకొని చేల గట్లు పట్టేవారు. పోలీసు, రెవెన్యూ, అటవీ, నీటిపారుదల శాఖల చేతుల్లో అరిగిన ఆ జీపులే తరువాత వేలంలో రైతుల చేతికి, కాంట్రాక్టర్ల చేతికి, ప్రయాణికులను కిక్కిరిసి ఎక్కించుకొనే ప్రైవేటు డ్రైవర్ల చేతికి వచ్చాయి.

ఆ దశలోనే అసలైన మార్పు జరిగింది. పెట్రోలు ధర భరించలేక యజమానులు పాత ఇంజనును దించి డీజిల్ ఇంజనును ఎక్కించారు. ఒకరు టెంపోది, మరొకరు ట్రాక్టరుది. తయారీ సంస్థ కూడా 1970ల తరువాత క్రమంగా డీజిల్ వైపే మొగ్గింది. ఆరు వోల్టుల విద్యుత్తుకు బల్బులు దొరకక పన్నెండు వోల్టులకు మార్చారు. వెనుక రేకు కోసి పొడవు పెంచారు. అలా చేయని జీపులు ఏమయ్యాయో తెలుసుకోవాలంటే పాత ఇనుము కొట్లకు వెళ్ళాలి. మూలరూపాన్ని నిష్ఠగా నిలుపుకొన్న బళ్ళలో అధికభాగం కరిగి కమ్మీలయ్యాయి. మారినవి మిగిలాయి.

దీనికి తిరుగులేని నిదర్శనం డార్జిలింగ్ జిల్లాలోని మానేభంజాంగ్. నేపాల్ సరిహద్దును ఆనుకొన్న ఈ చిన్న ఊరి నుండి 3,636 మీటర్ల ఎత్తున ఉన్న సందక్‌ఫూ శిఖరానికి సుమారు 31 కిలోమీటర్ల రాళ్ళ దారి ఉండేది. ఆ దారిని దశాబ్దాల పాటు ఏలినవి 1950ల నాటి ల్యాండ్ రోవర్లు. తేయాకు తోటల ఇంగ్లీషు దొరలు వదిలి వెళ్ళినవాటిని స్థానిక డ్రైవర్లు కొనుక్కొని తరతరాలుగా నడుపుతూ వచ్చారు. ల్యాండ్ రోవర్ కూడా జీపు కడుపున పుట్టినదే. రోవర్ సంస్థ ఇంజనీరు మారిస్ విల్క్స్ వేల్స్‌లోని ఆంగ్లెసీ దీవిలో ఉన్న తన పొలంలో యుద్ధపు మిగులు జీపును వాడుతూ, అది పాడైతే దాని స్థానంలో ఏమి కొనాలన్న ఆలోచనతో ఈ వాహనానికి రూపకల్పన చేశారు. 1947 నాటి తొలి నమూనాకు జీపు ఛాసిస్‌నే వాడారు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో లోకానికి చూపిన వాహనానికి కూడా జీపులాగే ఇరుసుల మధ్య దూరం 80 అంగుళాలే. యుద్ధానంతర బ్రిటన్‌లో ఉక్కుకు కరవు ఉండడంతో బాడీకి అల్యూమినియం మిశ్రమలోహం వాడారు. కరవు వల్ల వచ్చిన ఆ లోహమే హిమాలయపు తడిలో వరమైంది. బాడీ రేకు తుప్పు పట్టలేదు. ఉక్కుతో చేసిన ఛాసిస్ మాత్రం పట్టింది.

2018లో ల్యాండ్ రోవర్ 70వ వార్షికోత్సవం సందర్భంగా ఆ సంస్థ ఈ ఊరి గురించి లఘుచిత్రం తీసినప్పుడు అక్కడ ఇలాంటి వాహనాలు 42 ఉన్నట్లు చూపింది. వాటిలో అనేకం మహీంద్రా డీజిల్ ఇంజన్లతో నడుస్తున్నవే. విరిగిన భాగానికి ఇంగ్లండు నుండి బదులు రాదు. ఊరి కొలిమిలోనో, సిలిగురి లేత్ మీదనో తయారు కావాలి. తన వాహనం ఎక్కడ వణికితే ఏది వదులైనదో డ్రైవరు అరచేతితో చెప్పగలడు. మ్యూజియం నిపుణుడు ఈ బళ్ళను చూసి పెదవి విరవవచ్చు. కాని ఎనభయ్యేళ్ళకు చేరువవుతున్న నమూనాను పని చేసే వాహనంగా నిలిపినది ఏ మ్యూజియమూ కాదు. ఇక 2021 నియమాలు వింటేజ్ వాహనాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం, మరమ్మతుల కోసం వెళ్ళడానికి మాత్రమే రోడ్డెక్కనిస్తాయి. వ్యాపార అవసరాలకు ఒప్పుకోవు. కొండ మీదికి మనుషులను మోసి బతికే ల్యాండ్ రోవరుకు ఇంజను కారణంగా ఒకసారి, వృత్తి కారణంగా మరోసారి ఆ గుర్తింపు దూరమవుతుంది.

ఇంటి దగ్గర పని చేసేవాడి సమస్య ఇంతకంటె సూక్ష్మమైనది. అతని ముందున్న వాహనం ఇక బతుకు తెరువు కాదు, దానిని ఏ సంవత్సరానికి తీసుకుపోవాలో అతనే నిర్ణయించాలి. నిర్ణయానికి ముందు గుర్తింపు జరగాలి. యుద్ధకాలపు జీపు జాలీకి తొమ్మిది చీలికలు, హెడ్‌లైట్లు చిన్నవి, వెనుక రేకు తెరుచుకోదు, స్పేరు చక్రం ఆ వెనుక రేకుకే బిగించి ఉంటుంది. 1945లో వచ్చిన పౌర జీపుకు ఏడు చీలికలు, పెద్ద హెడ్‌లైట్లు, వెనుక తెరుచుకొనే తలుపు, పక్కన స్పేరు చక్రం ఉంటాయి. ఫోర్డ్ తన భాగాల మీద, బోల్టు తలల మీద కూడా తన పేరులోని తొలి అక్షరాన్ని ముద్రించింది. గ్రీజు తుడిచి చూస్తే ఆ చిన్న అక్షరం నేటికీ కనిపిస్తుంది. ఈ తేడాలు తెలిసి కూడా, సీజే-3బీకి తొమ్మిది చీలికల జాలీ తగిలించి, తెల్ల నక్షత్రం దిద్ది, యుద్ధంలో పాల్గొన్న బండి అని చెప్పేవారు లేకపోలేదు. దాని ఎత్తైన బానెట్టే ఆ అబద్ధాన్ని బయటపెడుతుంది. పునరుద్ధరణ పేరిట జరిగే ఈ వేషధారణ కూటశాసనం సృష్టించడం వంటిదే.

గుర్తింపు తరువాత విప్పడం. ఏళ్ళ తరబడి కదలని బోల్టు బలానికి లొంగదు, విరుగుతుంది. కిరోసిన్‌లోనో డీజిల్‌లోనో రోజుల తరబడి నానబెట్టి, అవసరమైతే వేడి చేసి, కొద్దికొద్దిగా అటూఇటూ తిప్పుతూ వదులు చేయాలి. విప్పిన ప్రతి నట్టునూ చీటీ రాసి బిస్కెట్ డబ్బాలలో వేరువేరుగా దాచాలి. నాగార్జునకొండలో 1954-60 నడుమ తవ్వి తీసిన కట్టడాలలో కొన్నింటిని జలాశయం ముంచక ముందే కొండ మీదికి తరలించి తిరిగి నిలిపినప్పుడు పాటించిన నియమమూ ఇదే. విప్పే క్రమం తెలియనివాడికి కూర్చే క్రమం తెలియదు.

తరువాత తుప్పు. యుద్ధకాలపు జీపు నేల రేకు కింద బలం కోసం ఉక్కు దోనెలు వెల్డింగు చేసి, వాటి లోపల చెక్క ముక్కలు బిగించారు. యుద్ధంలో కొద్ది ఏళ్ళు నిలిస్తే చాలుననుకొన్న బండి అది. ఆ చెక్క నీటిని పీల్చి దశాబ్దాలపాటు లోలోపలే ఇనుమును తిన్నది. పైన రేకు నిగనిగలాడుతున్నా కింద గోరు గుచ్చితే దిగబడుతుంది. డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాంకు కూర్చొనే గుంట కూడా అంతే. ఇక్కడ పని చేసేవాడు ఎంత రేకు కోసి పారేయాలి, ఎంత నిలుపుకోవాలి అని తేల్చుకోవాలి. మొత్తం బాడీని కొత్తగా కొనితెచ్చి పెట్టడం సులువు. కాని అప్పుడు మిగిలేది పాత నంబరు తొడుక్కొన్న కొత్త బండి. కుళ్ళిన మేరకే కోసి, అదే మందపు రేకును అతికే ఓపిక ఉన్నవాడి పని కంటికి ఆనకపోవచ్చు, విలువ మాత్రం దానిదే.

ఇంజను సంగతి వేరు. అరిగిన సిలిండర్లను బోరింగు చేసి, అంగుళంలో వెయ్యింట 20, 40, 60 వంతుల మేర పెద్దవైన పిస్టన్లు వేయడం ఆనాటి తయారీదారులే ఊహించి ఏర్పరచిన మార్గం. మూడు గేర్ల పెట్టెకు రెండో గేరు జారిపోవడం, దాని వెనుక ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు నూనె కారడం పుట్టుకతో వచ్చిన జబ్బులు. ముందు ఇరుసుకు శక్తిని కలిపే చిన్న లివరు, దాని పక్కన వేగాన్ని తగ్గించి బలం పెంచే మరో లివరు, ఈ రెండూ సాఫీగా పడిన రోజున ఇంట్లోవారు కూడా బయటికి వచ్చి చూస్తారు. అన్నిటికన్నా ముఖ్యమైనది బ్రేకు. తొమ్మిది అంగుళాల డ్రమ్ములు 60 అశ్వశక్తికి, యుద్ధకాలపు వేగాలకు సరిపోయేవి. బలమైన డీజిల్ ఇంజనుతో నేటి రహదారి మీద అవి చాలవు. కాబట్టి మూలరూపానికి తిరిగి వెళ్ళాలనుకొన్నవాడు వేగం విషయంలో కూడా తిరిగి వెళ్ళవలసి ఉంటుంది.

కట్టడాల సంరక్షణకు 1964లో రూపొందిన వెనిస్ నియమావళి, ఒక నిర్మాణానికి వివిధ కాలాలు చేర్చినవాటిని గౌరవించాలనీ, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలనీ చెప్పింది. మన జీర్ణోద్ధరణ సంప్రదాయంలోనూ ఒక రాజు కట్టిన గర్భగుడికి మరొకరు మండపం, ఇంకొకరు గోపురం చేర్చినా ఆలయం ఆ ఆలయమే. వాహనాల దగ్గర ఆ ఉదారత నియమాలలో ఇంకా చోటు చేసుకోలేదు. పైగా ఒక విచిత్రం ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం రక్షణ శాఖవి తప్ప మరే వాహనానికీ ఆలివ్ ఆకుపచ్చ రంగు వేయరాదు. భద్రత దృష్ట్యా ఆ నిషేధానికి అర్థం ఉంది. కాని యుద్ధకాలపు జీపు అసలు రంగు అదే. మూలరూపం కావాలని ఒక నియమం కోరితే, మూలవర్ణం కూడదని మరో నియమం అడ్డుపడుతుంది.

ఈ చిక్కును అధికారులు విడదీసేదాకా ఇంటి పనివాడికి ఉన్న దారి నమోదు. ఏ పొర ఏ రంగో, ఏ భాగం ఎప్పుడు ఎందుకు మారిందో, తాను కొత్తగా వేసిన రేకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఒక పుస్తకంలో రాసి, ఛాయాచిత్రాలు తీసి, రిజిస్ట్రేషన్ కాగితంలోని ఇంజను నంబరు మార్పులతో సరిచూసి ఉంచుకోవడం. కొందరు అంతకుమించి మరొకటి కూడా చేస్తారు. పెట్రోలు ఇంజను తిరిగి బానెట్ కింద కుదురుకొన్నాక, దించిన డీజిల్ ఇంజనును తూకానికి వేయరు. నూనె పట్టించి, గోనెపట్టా కప్పి, దాని నంబరును సుద్దతో రాసి పెరటి వసారాలో ఉంచుతారు.